లోయకు మొక్కిన వెంట్రుకలు

మా పాపకు మూడో ఏడు వచ్చినా పుట్టువెంట్రుకలు తీయించలేదు. జడ వేస్తే పేలు, వేయకపోతే చిక్కులు. ఎండాకాలం వచ్చిందంటే నెత్తినిండా సెగగడ్డలు. గిద్దలూరులోనే ఏదో ఒక గుడి దగ్గర తీయిద్దామని నేను, కుదరదని మా అత్త. ఆమె పట్టు పట్టిందంటే ఇక అంతే.

"మనింట్లో పుట్టినోళ్ళ ఎంటికలు నల్లమల లోయలోనే పడాల. ఎవురు పుట్టినారో ఆ లోయకు తెలియాల గదా" అనేది. మా మామవీ, మా ఆయనవీ అక్కడి వాగులోనే వదిలారట. ఆ నీళ్ళు పోయి గుండ్లకమ్మలో కలుస్తాయని, అవే మనం తాగుతామని ఆమె లెక్క.

తీరా బయలుదేరదామనుకునేసరికి వానలు మొదలై అడవి గేటు మూసేశారు. అది పులులు జతకట్టే కాలం, మనుషులను లోపలికి పోనివ్వరు. పులులకు సెలవులిచ్చారు సరే, నా బిడ్డ నెత్తికి ఎప్పుడిస్తారని అత్త మీద విసుక్కున్నాను.

గేటు తెరిచిన వారంలోనే మా తమ్ముడినీ, మంగలినీ వెంటబెట్టుకుని పోయాం. లోయలోకి మెట్లు దిగలేక మోకాళ్ళు పట్టుకుని అత్త పైనే బండ మీద కూర్చుంది. "వాగులో నీ చేత్తోనే వదులు అమ్మాయ్" అని నాకు రెండుసార్లు చెప్పింది.

కింద చల్లగా ఉంది. వాగు ఒడ్డున తెల్లమద్ది చెట్లు, ఎదుటి రాతిగోడకు తేనెపట్లు. తడి ఇసుకలో ఒక పులి అడుగు కనిపిస్తే, ఎవరూ తొక్కకుండా మా వెంట వచ్చిన ఫారెస్టు గార్డు దాని చుట్టూ పుల్లతో గీత గీశాడు. మా తమ్ముడి ఒళ్ళో కూర్చుని పాప లోయంతా మోగేలా ఏడ్చింది. గుండు అయ్యాక వెంట్రుకలు పట్టుకుని నేను వాగు వైపు నడిచాను.

"నీళ్ళల్లో ఏయొద్దక్కా. లోపలికి తెచ్చినవన్నీ మళ్ళా బయటికి తీసుకపోవాల. ఎంటికలైనా సరే" అన్నాడు గార్డు.

నేను బడిలో పరిసరాల పాఠం చెప్పే టీచర్ని. అతను చెప్పింది న్యాయమే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. వెంట్రుకలను కవర్లో కట్టి సంచీలో పెట్టుకున్నాను.

పైకి రాగానే అత్త అడిగింది. "వదిలినావా?"

"వదిలినా అత్తా" అన్నాను.

ఆమె లోయ వైపు తిరిగి చేతులు జోడించింది. "ఇదిగో, ఇదే నా మనమరాలు" అని పాప గుండు మీద చెయ్యి పెట్టి చూపించింది.

మరుసటి ఏడు అత్త పోయింది. ఆ కవరు మా బీరువాలోనే ఉంది. వానలు వెలిసి గేటు తెరిచారని తెలిసినప్పుడల్లా బయటికి తీస్తాను, మళ్ళీ లోపల పెడతాను. నిబంధన తప్పు కాదు. ఆమెతో అబద్ధమాడినందుకే సిగ్గుపడతాను. నిజం చెప్పి ఉంటే కాసేపు తిట్టి, ఈ వెంట్రుకలను ఏం చేయాలో ఆమే చెప్పి ఉండేది.