ఉమామహేశ్వరరావు గారి తెల్ల కండువా

తప్పు నాదే. అమెరికాలో మా పిస్కాటవే తెలుగు సంఘం వాళ్ళ నాలుగు పేజీల పత్రికలో "టిబెట్ ప్రముఖులచే మన ఉమామహేశ్వరరావు గారికి ఘన సన్మానం" అని అచ్చేసింది నేనే. సగం తెలియక, సగం కొంటెతనం. ఆ ప్రముఖులెవరండీ అని అడిగిన పాపాన పోలేదు.

ఉమామహేశ్వరరావు ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. సంఘంలో ఏ పండగైనా స్కూలు హాల్లో కుర్చీలు వేసేది ఆయన, తీసేది ఆయన. ఎవరి అత్తగారు కెన్నెడీ ఎయిర్‌పోర్ట్‌లో దిగినా ఆయన స్టేషన్ వ్యాగనే వెళ్ళాలి. పదమూడేళ్ళలో వేదిక ఎక్కింది ఒక్కసారి, అదీ మైకు పాడైతే. శాలువాలు మాత్రం డాక్టర్లకి, డాక్టర్ల బావమరుదులకి. తన భుజాల మీద కూడా ఒక్కటి పడాలని ఆయనకెంత కోరికో భార్య గౌరికి తప్ప ఎవరికీ తెలీదు.

ఎనభై మూడులో ఇండియా వెళ్ళినప్పుడు, అందరిలా తిరుపతి చూసుకుని రాకుండా, పఠాన్‌కోట్ దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో మెక్లియోడ్‌గంజ్ వెళ్ళాడు. దేశం వదిలొచ్చిన టిబెట్ వాళ్ళు తలదాచుకున్న హిమాలయాల ఊరది. ఉన్నది మూడే రోజులు. మొదటి రోజంతా బస్సు మలుపుల పుణ్యమా అని వాంతులు. రెండో రోజు ప్రార్థన చక్రాలు తిప్పుకుంటూ అపసవ్యంగా వస్తుంటే ఎవరో అవ్వ భుజం పట్టుకుని వెనక్కి తిప్పి పంపింది. వెన్నా ఉప్పూ వేసిన వాళ్ళ టీలో ఆవకాయ నంజుకున్న ఏకైక మానవుడు కూడా ఈయనే. మూడో రోజు పెట్టె సర్దుకుని గుమ్మం దాటుతుంటే, లాడ్జి నడిపే ముసలమ్మ మెడలో తెల్ల కండువా వేసి తలవంచింది.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనవాళ్ళకి మెడలో బట్ట పడిందంటే సన్మానమే కదా! తిరిగొచ్చి అందరికీ అదే చెప్పాడు. నేను అచ్చేశాను. సంఘం ప్రెసిడెంటు డాక్టర్ కృష్ణమూర్తికి కంగారు పుట్టింది. బయటివాళ్ళు గుర్తించినవాణ్ణి మనం గుర్తించకపోతే పరువేం కాను? మూడు మీటింగులు పెట్టి, ఉగాదికి పట్టుశాలువా కప్పాలని తేల్చారు. హంగు కోసం యూనివర్సిటీలో చదివే టెన్‌జిన్ అనే టిబెట్ కుర్రాణ్ణి కూడా పిలిచారు.

ఉగాదినాడు ఉమామహేశ్వరరావు కొత్త సూటులో వచ్చి, ముందు కుర్చీలన్నీ వేసి, తర్వాత వేదిక ఎక్కాడు. టెన్‌జిన్ సంచిలోంచి తెల్ల కండువా తీసి ఆయన మెడలో వేశాడు. చప్పట్లు. ఇంకోటి తీసి కృష్ణమూర్తికి వేశాడు. కిందికి దిగి, ఉగాది పచ్చడి కలుపుతున్న గౌరికి వేశాడు. నాకూ వేశాడు.

"ఇదేంటయ్యా, అందరికీ సన్మానమేనా?" కృష్ణమూర్తి ఇంగ్లీషులో, మైకులోనే అడిగాడు.

"సన్మానం కాదు సార్. ఇంటికొచ్చేవాళ్ళకీ, వెళ్ళేవాళ్ళకీ మావాళ్ళు వేస్తారు. బస్ డ్రైవర్‌కి కూడా," అన్నాడా కుర్రాడు, పాపం మర్యాదగానే.

హాలంతా గొల్లున నవ్వింది. కృష్ణమూర్తి సగం విప్పిన పట్టుశాలువాని మడతలు చెడకుండా మళ్ళీ డబ్బాలో పెట్టి, "నెక్స్ట్ ఐటమ్, పిల్లల డాన్స్!" అన్నాడు.

ఉమామహేశ్వరరావుకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏవండీ, దిగి రండి," కింద నుంచి గౌరి పిలిచింది. "ఈ గిన్నె నేనొక్కదాన్నే మొయ్యలేకపోతున్నా."

దిగి, గిన్నె పట్టుకున్నాడు.

అందరూ తిని, చేతులు తుడుచుకుని, కార్లెక్కాక ఆయన కుర్చీలు మడుస్తున్నాడు. మెడలో కండువా ఇంకా అలాగే ఉంది. నా నోరు ఊరుకోదుగా!

"అంకుల్, ఆఖరికి మిమ్మల్ని బస్ డ్రైవర్‌తో జమకట్టేశారే! పత్రికలో కరెక్షన్ వెయ్యమంటారా?"

ఆయన నడుం ఎత్తి నావైపు చూశాడు.

"వెయ్యరా, శుభ్రంగా వెయ్యి. ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాళ్ళు బస్ డ్రైవర్‌కి కూడా కప్పుతారని రాయి. ఇంటికి రెండేసి కార్లున్న మనం, తీసిన ఒక్క శాలువా మళ్ళీ డబ్బాలో పెట్టుకున్నామని రాయి. రాయడం అయ్యాక ఆ కుర్చీ మడిచి ఇటు పట్రా."