స్కంక్ ముందే చెబుతుంది

నా చిన్నప్పుడు మా ఇంట్లో కథలు ఊరికే దొరికేవి కావు. తమిళనాడు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పని మీద బతికే వీధి మాది. ఏజెంటు తెచ్చి పడేసే అట్టముక్కలను మైదా జిగురుతో పెట్టెలుగా అంటించాలి. ఒక గ్రోసు, అంటే నూట నలభై నాలుగు పెట్టెలు పూర్తయితేనే మా పెద్దమ్మ ఒక జంతువు గురించి చెప్పేది.

ఆమె దగ్గర చర్చిలో పంచిన పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఉండేది. అందులోవన్నీ అమెరికా అడవి జంతువులే. ఎనిమిదో తరగతి చదువుతో ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది. చెట్లను కొరికి పడేసే బీవర్ పళ్ళు నారింజ రంగులో ఉంటాయని, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయని చెబితే నా పళ్ళు తడిమి చూసుకున్నాను. ఒపోసం అనే పిల్లంత జంతువు భయపడితే చచ్చినట్టు పడిపోయి, కంపు కూడా కొడుతుందట. ముళ్ళపంది ముళ్ళు విసరదంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. మా వీధిలో అందరూ విసురుతుందనే అనేవారు. "అందురూ చెప్తే నిజమైపోతాదా?" అంది పెద్దమ్మ.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్కంక్. ఉండేది పిల్లి అంత. తోక కింది నుంచి భరించలేని కంపు చిమ్ముతుందని ఎలుగుబంటి కూడా దాని జోలికి పోవడానికి జంకుతుంది. కానీ అది వెంటనే కంపు చిమ్మదు. ముందు ముంగాళ్ళతో నేలను టపటపా కొట్టి హెచ్చరిస్తుంది. అప్పటికీ వినకపోతే ఇక ఎదుటివాడి ఖర్మ.

నేను ఐదో తరగతి పాసైన వేసవిలో ఏజెంటు మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. నా వేళ్ళు చురుకైనవట, సోమవారం నుంచి ఫ్యాక్టరీ వ్యానెక్కించాలట. మా నాన్న తల దించుకున్నాడు. ఆ దించిన తల చూసి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

పెద్దమ్మ జిగురు చేతులతోనే లేచింది. "పిల్ల పళ్ళికూడానికి పోతాది, తంబీ. ఇంకోతూరి అడిగితే నీ సరుకు వీదిలో ఉంటాది" అని కాలితో నేలను రెండుసార్లు తట్టింది. నాకు నవ్వొచ్చింది. అతనికి అర్థం కాలేదు.

"ఏమక్కా, పని పోతాదని బయం లేదా? సోమవారం పంపించు" అన్నాడు.

అంతే. అట్టల కట్టలు, అంటించిన పెట్టెలు, అన్నీ తీసుకెళ్ళి వీధిలో పెట్టేసింది.

ఆ తర్వాత ఏ ఏజెంటూ మా గడప తొక్కలేదు. పెద్దమ్మ కడంబూరు వైపు నల్లరేగడి చేలల్లో కలుపు తీయడానికి వెళ్ళింది. వేళ్ళు పగిలాయి. ఒక్కరోజు కూడా నన్ను తప్పుపట్టలేదు. సోమవారాలు మా ఇంటి ముందు వ్యాను కావాలనే హారన్ కొట్టేది. నేను దాని ఎదురుగానే సంచి తగిలించుకుని బడివైపు నడిచేదాన్ని, కాళ్ళు గట్టిగా నేలకేసి కొడుతూ.

తర్వాత నేను టీచర్నయ్యాను, రిటైరయ్యాను. ఇప్పటికీ మా వీధిలో ఎవరైనా ఆడపిల్లను చదువు మాన్పిస్తామంటే వాళ్ళింటికి వెళ్తాను. వద్దని మర్యాదగా ఒకసారి చెబుతాను. రెండోసారి చెప్పను.