గంటకో అందమైన ఊరు

పోయిన ఆదివారం పొద్దున మా పై అంతస్తులో కొత్తగా దిగిన దంపతులు కాఫీకని వచ్చారు. వచ్చే ఎండాకాలం పిల్లల్ని తీసుకుని యూరప్‌లో కారేసుకుని తిరగాలనుకుంటున్నారట. మేము అలాగే వెళ్ళొచ్చామని వాచ్‌మన్ చెప్పాడట. దారిలో ఆగడానికి చిన్న చిన్న ఊళ్ళు ఏవి బావుంటాయో చెప్పమని అడిగారు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. కళ్ళజోడు సర్దుకుని, ఫోనులో మ్యాపు తెరిచి, పెద్ద గురువులాగా మొదలుపెట్టారు. గంటకు మించి బండి నడపకూడదనీ, గంటకో అందమైన ఊరు చూసుకుని అక్కడ దిగాలనీ, హైవే మీద ఉరుకులు పెట్టేవాడికి దేశం కనపడదనీ చెబుతుంటే వాళ్ళిద్దరూ భక్తిగా వింటున్నారు. ఆ సిద్ధాంతం ఎలా పుట్టిందో తెలిసినదాన్ని కాబట్టి, కాఫీ కప్పులు తీసే నెపంతో వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే ఉండిపోయాను.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డుకి రెండు సందుల లోపల, చుట్టూ హాస్టళ్ళున్న వీధి. నేను గుంటూరు వైపు నుంచి కోడలిగా వచ్చాను. మా ఆయనది నల్గొండ దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళు దాటినా నా మాట నాదే, వాళ్ళ మాట వాళ్ళదే. ఇద్దరికీ పుట్టిన అమ్మాయి మాత్రం ఎవరితో మాట్లాడితే వాళ్ళ యాస పెట్టేస్తుంది. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో మిషన్ల మరమ్మతు విభాగంలో పనిచేశారు. పెళ్ళికి ముందు కంపెనీ ఆయన్ని ట్రైనింగుకని కొన్ని నెలలు జర్మనీ పంపింది. అక్కడి మంచు, అక్కడి రొట్టె, అక్కడి రోడ్ల ముచ్చట్లు మా కాపురమంతా వింటూనే ఉన్నాను. అందుకే ఆయన రిటైరైనప్పుడు, అందరం కలిసి యూరప్ చూద్దామని ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ప్రస్తావన తెచ్చింది. ఎల్బీనగర్‌లో ఉండే మా ఆడబిడ్డ, అంటే ఆయన అక్క, నాకు వదిన, తనూ వస్తానంది. బస్సు టూరు వద్దని, కారు అద్దెకు తీసుకుని తానే నడుపుతానని మా ఆయన పట్టుబట్టారు. దీంట్లో ఆశ్చర్యమేమీ లేదు. కారు స్టీరింగు ఆయన ఇంకొకరి చేతికివ్వడం మేమెవరం చూడలేదు. అమ్మాయికి లైసెన్సు ఉంది, రోజూ ఆఫీసుకి తన బండే నడుపుకుంటుంది. అయినా తండ్రి కారెక్కిందంటే పక్క సీట్లో కూర్చోవలసిందే.

ప్లాను వేయడం మొదలయ్యాక నాకు ఏదో తేడాగా అనిపించింది. అమ్మాయి పెద్ద నగరాలు కలుపుతూ దారి గీసింది. మరుసటి రోజుకి ఆ దారి నిండా చిన్న ఊళ్ళు మొలిచాయి. మ్యూనిక్ దాటగానే లాండ్స్‌బర్గ్, అది దాటి ఫ్యూసెన్, ఆ తర్వాత మిటెన్‌వాల్డ్, కొండలు దాటి ఇటలీ వైపు దిగేదాకా ఇలా ఊరి వెనక ఊరు. ఒక్కోదానికి మా ఆయన ఒక్కో కారణం చెప్పేవారు. ఒకచోట నది మెట్లు దిగినట్టు పారుతుందట, ఇంకోచోట ఇళ్ళ గోడల నిండా బొమ్మలుంటాయట. ఒకటి రెండు తీసేద్దామని అమ్మాయి అంటే, స్టీరింగు విషయంలో తప్ప ఎప్పుడూ కూతురి మాట కాదనని మనిషి ముఖం ముడుచుకునేవారు. ఆమె తీసేస్తే ఆయన మళ్ళీ పెట్టేవారు. నాతో కాపురమంతా, నల్గొండ నుంచి వస్తూ మంచినీళ్ళు తాగడానికైనా బండి ఆపని మనిషి ఈయన. నాగార్జునసాగర్ వెళ్ళినప్పుడు కూడా, డ్యామ్ కనపడింది కదా ఇంక దిగేదేముందన్న రకం. అలాంటాయనకి ఇంత సౌందర్యదృష్టి ఎప్పుడొచ్చిందని నాకు సందేహం.

నా సందేహానికి మా వదిన నీళ్ళు పోసి పెంచింది. వదినకి పుట్టుకతోనే అనుమానం. పాలపొట్లం మీద తేదీని నమ్మదు, లిఫ్టును నమ్మదు, బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంలో పాట పాడేవాళ్ళెవరూ నిజంగా కొనేవాళ్ళు కారని ఆమె గట్టి అభిప్రాయం. ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, తమ్ముడు లోపలి గదిలో ఉన్నాడని రూఢి చేసుకుని, నా పక్కన కూర్చుంది.

"చూడు మరదలా, వీనికి గా దేశంల ఎవరో ఉన్నరు. గన్ని ఊర్లల్ల ఒక ఊరు అసలుది. తక్కినవన్నీ దాన్ని దాసెటందుకే."

నేను కొట్టిపారేశాను. ఆమె ఊరుకోలేదు. జర్మనీ నుంచి వచ్చాక ఏడాది పాటు ఏ సంబంధం చూపించినా వద్దన్నాడని, అక్కడ దిగిన ఫొటోలో తెల్లగా ఒకామె పక్కన నిలబడి ఉండేదని, ఆ ఫొటో తర్వాత ఎటు పోయిందో తెలియదని చెప్పుకొచ్చింది. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. వదిన వెళ్ళిపోయాక పొయ్యి మీద పప్పు మాడింది.

అప్పటి నుంచీ నేను మా ఆయన్ని పరాయి మనిషిని గమనించినట్టు గమనించడం మొదలుపెట్టాను. చూస్తే అన్నీ అనుమానించదగ్గవే. మనిషికి ఎక్కడలేని షోకు వచ్చింది. బయటకు బయల్దేరేముందు రెండుసార్లు ముఖం కడుక్కుంటున్నారు. కారులో తడి తువ్వాలు పెట్టుకుంటున్నారు. నోట్లో ఎప్పుడూ పుదీనా బిళ్ళ. కారు నడపడమంటే ప్రాణమైన మనిషి, కోఠికి వెళ్ళాలన్నా, అమీర్‌పేట వెళ్ళాలన్నా చైతన్యపురిలో మెట్రో ఎక్కుతున్నారు. ఎందుకని అడిగితే పార్కింగ్ దొరకదంటారు. పార్కింగ్ ఇప్పుడు కొత్తగా దొరక్కుండా పోయిందా? మధ్యాహ్నం గది తలుపు వేసుకుంటున్నారు. ఒకరోజు నేను తలుపు తోస్తే ఉలిక్కిపడి ఫోను తిరగేశారు. నేను చెప్పులు వేసుకుని కూరగాయలకి వెళ్తున్నట్టు నటించి, వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను కూడా. ఇంట్లో నిశ్శబ్దం. తలుపు వెనక చెవి పెడితే గురక వినిపించింది. అదీ నటనేననుకున్నాను.

వదిన నాలాగా గుట్టుగా ఉండే మనిషి కాదు. భోజనాల దగ్గర ఒకనాడు పెరుగు వేసుకుంటూ సూటిగా అడిగేసింది.

"గా మిటెన్‌వాల్డ్‌ల నీకెవరున్నరు రా?"

మా ఆయన అవసరమైనదానికంటే గట్టిగా నవ్వారు. ఎవరూ లేరని, ఊరు బాగుంటుందనే పెట్టానని అన్నారు. ఆ నవ్వు చూసి నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన అబద్ధమాడితే ఎలా నవ్వుతారో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఈయన ఏదో దాస్తున్నారు. అది ఖాయం. ఏమిటన్నదే తెలియాలి.

తెలిసే రోజు ఒక పెళ్ళి వల్ల వచ్చింది. నకిరేకల్ దగ్గర వాళ్ళ బంధువులింట్లో పెళ్ళి. పొద్దున్నే నలుగురం కారులో బయల్దేరాం. నేనూ వదినా వెనక, అమ్మాయి ముందు. అమ్మాయి తాను నడుపుతానంది, ఆయన వినిపించుకోలేదు. ఎల్బీనగర్, హయత్‌నగర్ ట్రాఫిక్‌లో నత్తలా పాకి పెద్ద అంబర్‌పేట్ దాటేసరికి చాలాసేపయింది. రోడ్డు ఖాళీ అయింది, బండి వేగం అందుకుంది, వదిన పెళ్ళివాళ్ళు పెట్టబోయే భోజనాల మీద తన అనుమానాలు చెబుతోంది. ఉన్నట్టుండి కారు ఎడమకు లాగింది. టైర్ల కింద కంకర చప్పుడు. మా ఆయన గబుక్కున బ్రేకు వేసి రోడ్డు పక్కన ఆపారు. వెనక నుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని రాసుకున్నట్టే వెళ్ళిపోయింది.

మా ఆయన అద్దం దింపి, బయటకు చెయ్యి చూపించారు.

"చూడుండ్రి. ఎంత మంచిగున్నదో గీ జాగ. జరసేపు దిగుదాం."

నేను చూశాను. సిమెంటు ఇటుకలు చేసే షెడ్డు. దాని ముందు విరిగిన ఇటుకల కుప్ప, తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకరు, ఆ నీడలో పడుకున్న కుక్క. అమ్మాయి పక్కున నవ్వి, అంతలోనే ఆపేసింది. నేను దిగి ఆయన వైపు తలుపు తెరిచాను. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?" అన్నాను.

ఆయన నా వైపు చూడకుండా చెప్పారు.

"నిద్రొస్తున్నది. గంట దాటిందంటే కండ్లు వాటంతటవే మూసుకుంటున్నయ్. చాన దినాల సంది గిట్లనే అయితున్నది. ఒకపారి ఎల్బీనగర్ చౌరస్తాల డివైడర్‌కు కొట్టబోయిన."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే చాబీ గుంజుకుంటరు గద."

పుదీనా బిళ్ళలు, తడి తువ్వాలు, మెట్రో, గది తలుపు, గంటకో అందమైన ఊరు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నిజం చెప్పాలంటే ముందు నాకు కొండంత బరువు దిగింది. ఎవరూ లేరన్నమాట. ఆ వెంటనే, ఆ లారీ వెళ్ళిపోయిన వైపు చూశాను. ఈ మనిషి మా ముగ్గురినీ ఎక్కించుకుని, ముక్కూమొహం తెలియని దేశంలో, ఆ వేగాల్లో, ఊరి నుంచి ఊరికి నిద్ర ఆపుకుంటూ నడపాలనుకున్నాడు. అందమైన ఊళ్ళని మాకు చూపించి, తాను బెంచీ మీద కాసేపు కునుకు తీసి మళ్ళీ బండెక్కాలనుకున్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. వదిన ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె దిగి, కారు ముందు నుంచి నడిచి వచ్చి, తమ్ముడి తల మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత చెయ్యి చాచింది. ఆయన తాళం తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె దాన్ని అమ్మాయికిచ్చింది.

ఆ వారమే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రాత్రంతా వైర్లు పెట్టి పరీక్ష చేశారు. గురకలో శ్వాస మాటిమాటికీ ఆగిపోతోందని, రాత్రి నిద్ర నిద్రే కాదని, అందుకే పగలు ఇలా కూలిపోతున్నారని డాక్టరు చెప్పాడు. ముక్కుకు పెట్టుకుని పడుకోవడానికి గాలి మిషన్ ఇచ్చాడు. తాను సరేననేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ప్రయాణం మానుకుందామన్నారు మా ఆయన. తాను నడపని ప్రయాణం ఎందుకన్నట్టు మాట్లాడారు. అమ్మాయి తాను నడుపుతానంది. దానికి కొండ రోడ్ల అలవాటు లేదని, అక్కడ కుడివైపున నడపాలని ఆయన సాకులు వెతుకుతుంటే, వదిన చేతిసంచి సర్దుకుంటూ తేల్చేసింది.

"పిల్ల నడుపుతది. నువ్వు పక్కన కూసొని దారి చెప్పు. ఊర్లు సుత నువ్వు పెట్టినవే ఉంచుదాం."

అలాగే వెళ్ళాం. మొదటి రెండు రోజులు ఆయన పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూనే ఉన్నారు. అమ్మాయి లారీ దాటినప్పుడల్లా కళ్ళు మూసుకునేవారు, ఈసారి నిద్రతో కాదు. మూడో రోజుకి కాలు కదలడం మానేసింది. వదిన మాత్రం అనుమానం మానలేదు. లాండ్స్‌బర్గ్‌లో నది నిజంగానే మెట్లు దిగుతుంటే, ఎవరో పంపు పెట్టి వదులుతున్నారంది. అంత శుభ్రమైన వీధుల్లో నిజంగా మనుషులుంటారా అని కిటికీల వంక తేరిపార చూసింది. ఆ ఊళ్ళోనే ఆయన ట్రైనింగప్పుడు అద్దెకున్న ఇల్లు వెతికి చూపించారు. గులాబీరంగు గోడ, మేడ మీద చిన్న కిటికీ. వదిన అక్కడే నిలదీసింది, ఆ ఫొటోలో ఆమె ఎవరని. ఇంటి ఓనరమ్మ అని, అప్పటికే మన అమ్మంత వయసని, చలికి వణుకుతుంటే తన మొగుడి కోటు ఇచ్చిందని ఆయన చెప్పారు. సంబంధాలు ఎందుకు వద్దన్నావంటే, ఆ ఏడాది జీతం సరిగా రాలేదని అన్నారు. వదిన నమ్మిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం తలుపు మీద పేరు చదివే ప్రయత్నం చేశాను.

మిటెన్‌వాల్డ్‌లో గోడల మీద బొమ్మలు నిజంగానే ఉన్నాయి. ఆయన ఒక్కో ఇంటి ముందూ ఆగి, ఫొటో తీసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసి, మాకు కాళ్ళు నొప్పులు పుట్టేదాకా తిప్పారు. బెంచీల మీద పడుకున్నది మేమే. వదిన నా భుజం మీద తల వాల్చి, ఎదురుగా ఉన్న మంచుకొండను అనుమానంగా చూస్తూ చూస్తూ నిద్రపోయింది. అమ్మాయి తాళం చేతిలో పట్టుకుని, మాకు కొంచెం దూరంలో గడ్డి మీద వెల్లకిలా పడుకుంది.

మా గది తలుపుకు చెవి పెట్టిన మధ్యాహ్నాలు, ఆయన నవ్వును తూచిన భోజనాలు నాకు ఇవాళ్టికీ ఒక్కొక్కటీ విడివిడిగా గుర్తున్నాయి. అనుమానంతో గడిపిన కాలం అంత గట్టిగా నిలబడిపోయింది. హాయిగా తిరిగిన రోజులు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఏ ఊరు ఏ రోజో చెప్పలేనట్టుగా, పొడుగాటి ఒకే సాయంత్రమై మిగిలాయి.