పన్నెండు గంటల ఫైనలు

దాలయ్య ఓడల మరమ్మతు కర్మాగారంలో ఫిట్టరు. అతడి కుమార్తెలిద్దరికీ నేను చదువు చెప్పాను. అందుచేత అతడిని చాలాకాలం ఎరుగుదును.

పందొమ్మిది వందల డెబ్బై రెండులో అతడు విశాఖపట్నంలోని ఆరు కర్మాగారాల జట్లను కూడగట్టి హాకీ లీగు నెలకొల్పాడు. ఆడటానికే జీతమిచ్చి పనిలోకి తీసుకున్న ఆటగాళ్ల జట్లవి. పద్నాలుగేళ్లు అతడే కార్యదర్శి. ఆట ఎన్నడైనా నాలుగింటికే మొదలయ్యేది. ఉదయపు షిఫ్టు రెండింటికి వదిలితే, కార్మికులు ఇంటికి వెళ్లి అన్నం తిని, పిల్లలను సైకిళ్ల మీద కూర్చోబెట్టుకొని వచ్చేవారు. మైదానం గట్టు మీద చోటు చాలక, ఆగిన లారీల మీదికెక్కి చూసేవారు.

ఎనభై ఆరులో యాజమాన్యాల మాట మారింది. జట్లు దండుగనీ, ఆటగాళ్లను యంత్రాల దగ్గరికి పంపాలనీ అనసాగాయి. దాలయ్య ఆరు నెలలు ఉత్తరాలు రాసి, ఫైనలుకు హైదరాబాదు నుంచి టెలివిజన్ వారిని రావడానికి ఒప్పించాడు. తెరమీద కనబడిన ఆటను ఏ మేనేజరూ మాన్పించడని అతడి నమ్మకం. వచ్చేవారు మాత్రం సాయంత్రం రైలుకే తిరిగి వెళ్లాలనీ, ఆట పన్నెండింటికి పెట్టాలనీ కోరారు. అతడు సరేనన్నాడు.

హాకీ కర్రలు బాగుచేసే పాతనగరం మౌలాలి ఒక్కడే అడ్డు చెప్పాడు.

"రెండింటి దాకా గేటు తియ్యరు కద బావా. ఆ ఎండకి కాకులొత్తాయా, జనమొత్తారా?"

"ఈ ఒక్కసారికే. టీవీలో పడితే మన లీగుని ఎవుడూ ఆపనేడు," అన్నాడు దాలయ్య.

ఆటగాళ్లకు అనుమతి దొరికింది, చూసేవారికి దొరకలేదు. అంత చక్కని ఆట మునుపెన్నడూ చూడలేదని అంపైరు అన్నాడట. ఆదివారం తెరమీద అర నిమిషం చూపించారు. బంతి వెంట కెమెరా తిరిగిన ప్రతిసారీ ఖాళీ గట్టు కనబడింది. రెండింటికి గేటు దాటి పరుగున వచ్చినవారికి, చుట్టేస్తున్న కెమెరా తీగలు మాత్రమే కనబడ్డాయి.

ఆ అర నిమిషాన్ని మేనేజర్లూ చూశారు. చూసే దిక్కులేని ఆటకు జట్లెందుకని నెల తిరగకుండానే ఆరింటినీ రద్దు చేశారు. ఆ సాయంత్రం మౌలాలి వచ్చి, దాలయ్య పక్కన కూర్చున్నాడు.

"నాను జనాన్ని ఇడిసీసి టీవీ పెట్టెని నమ్మినాను బావా," అన్నాడు దాలయ్య.

కబురు నోటీసు బోర్డు మీద చదువుకొనే గతి ఆటగాళ్లకు పట్టకూడదని అతడే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. చివరిది గోల్‌కీపరు తాతబాబు ఇల్లు. కుర్చీ వేసినా దాలయ్య కూర్చోలేదు. తాతబాబు లోపలికి వెళ్లి, కాళ్లకు కట్టుకొనే ప్యాడ్లు దుమ్ము తుడిచి తెచ్చి, కంపెనీవి కదా అని అతడి చేతిలో పెట్టాడు. దాలయ్య వాటిని సైకిలు వెనుక కట్టుకొని, ఎక్కి తొక్కలేక, ఇంటిదాకా నడిపించుకొంటూ వెళ్లాడు.