నీటిని తూచిన డాక్టరమ్మ

డాక్టర్ జరీనా గారు ఇక లేరు. నిజామాబాద్ పసుపు యార్డులో ఒక పెద్ద కాంటాకు తూకం రాళ్లు పెట్టి పరీక్షిస్తుండగా నవజాత శిశువుల వార్డు నుంచి సిస్టర్ శారద ఫోన్ చేసింది. ఆ నంబరు నుంచి ఫోన్ వస్తే వార్డు కాంటా గురించే అయి ఉంటుందనుకోవడం నాకు అలవాటు. ఆమె మాట పూర్తికాకముందే "పొద్దుగూకినంక వచ్చి చూస్త" అన్నాను. ఆమె చెప్పబోయింది వేరు: బోధన్‌లోని ఇంట్లో డాక్టరమ్మ, పొద్దుటి నమాజు ముగించి లేవబోతూ కూలిపోయారట. చేతిలో ఉన్న ఇరవై కిలోల రాయిని ఎక్కడ దించాలో కొంతసేపు నాకు తోచలేదు.

నేను కాంటాలు బాగుచేసేవాణ్ణి. బడి చదువు పదో తరగతితో ఆగింది. లెక్క మాత్రం రాళ్లతో కుస్తీపట్టి నేర్చుకున్నాను. ఆమెతో పరిచయం కలిగించింది వార్డులోని చిన్న కాంటా. నెలలు నిండకుండా, కిలోకు లోపు బరువుతో పుట్టిన పసికందులను దానిమీద తూస్తారు. ఆ పిల్లల చర్మం ఇంకా పక్వమై ఉండదు. ఒంట్లో నీరు కంటికి కనబడకుండా ఆవిరైపోతుంది. సూదిద్వారా ఎక్కించే నీరు చాలకపోతే ఒళ్లు ఎండుతుంది. మించితే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఎంత పోయిందో చెప్పడానికి బరువే ఆధారం. తడిసిన గుడ్డలను కూడా ఆమె తూయించేవారు.

ఆమె కూర్చుని ఉండగా నేను చూసింది తక్కువ. నేను రాళ్లు పెడుతుంటే కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉండేవారు. చాయ్ చల్లారిపోయేది. "సరిగ ఉన్నదని చెప్పకు మల్లేశన్నా. ఎంత సరిగ ఉన్నదో చెప్పు" అనేవారు. తేడా గ్రాము లోపేనని చెబితే తల ఊపి, రెండడుగులు వేసి, "మళ్లొకసారి చూడు" అనేవారు.

కొన్నేళ్ల కిందటి ఒక సంఘటన చెప్పాలి. బోధన్ దిక్కు నుంచి ఎల్లవ్వ అనే బీడీలు చుట్టే ముసలామె అప్పుడే పుట్టిన తన మనుమరాలితో వార్డుకు వచ్చింది. పుట్టినప్పుడు పాప తొమ్మిది వందల పది గ్రాములు. మర్నాడు తూస్తే నాలుగు గ్రాములు పెరిగింది. ఎల్లవ్వ వరండాలో ఉన్నవాళ్లందరికీ చక్కెర పంచింది. డాక్టరమ్మ ముఖం మాత్రం వాడిపోయింది. అలాంటి పిల్లలు మొదటి రోజుల్లో బరువు తగ్గాలి; పెరిగిందంటే ఒంట్లో నీరు నిలుస్తున్నట్టు. కానీ రక్తపరీక్షలో ఉప్పు పెరిగింది, అంటే నీరు తరుగుతున్నట్టు. కాంటాను నమ్మితే నీరు తగ్గించాలి, రక్తాన్ని నమ్మితే పెంచాలి. తప్పు వైపు పోతే పాప దక్కదు.

నాకు కబురు వచ్చింది. పళ్లెం నడుమా, నాలుగు మూలలా రాళ్లు పెట్టి చూశాను. "కాంటల తప్పు లేదు మేడం" అన్నాను. ఊరట పడతారనుకున్నాను, నడక ఇంకా పెరిగింది. రక్తం మళ్లీ పరీక్షకు పంపారు. అదే జవాబు. అప్పుడు టక్కున ఆగిపోయారు.

"కాంటా నిజమే, రక్తం నిజమే. అంటె మనం తూసింది పాప ఒక్కదాన్నే కాదు."

పాపను కింద పరిచిన గుడ్డతోనే ఎత్తి తూచి, గుడ్డ బరువు తీసేసేవారు. ఎల్లవ్వ తన మెత్తని పాత చీరను సమానంగా చింపి ఇచ్చిన గుడ్డలవి; ఒకటి తూచి, అన్నిటికీ అదే లెక్క పట్టారు. డాక్టరమ్మ ఒక్కొక్కటీ విడిగా తూయించారు. పాప కిందిది నలభై ఆరు గ్రాములు ఎక్కువ. మడతపెట్టి కుట్టిన అంచు విప్పితే ఒక రాగి తాయెత్తు, ఒక ఇనుప రింగు బయటపడ్డాయి.

పాప అసలు బరువు ఎనిమిది వందల అరవై ఎనిమిది. నేను లెక్క తేల్చేలోపే నీరు పెంచమని, తేమ పోకుండా పాపమీద పల్చని ప్లాస్టిక్ కప్పమని ఆమె చెప్పేశారు.

ఎల్లవ్వ తన చేతులు తానే చూసుకుంటూ ఏడుస్తున్నది. చీవాట్లు తప్పవని అందరం అనుకున్నాం. డాక్టరమ్మ వెళ్లి ఆమె పక్కన నేలమీద కూర్చున్నారు.

"అవ్వా, తునికాకు తడి ఎక్కువైతె ఏమైతది?"

"మురుగుతది బిడ్డా."

"ఎండితె?"

"ఇరుగుతది."

"నీ మనుమరాలు గూడ గంతే. గందుకే గింతగనం తూస్తున్నం. తాయెత్తు వద్దంటలేను. బరువు చెప్పి కట్టు."

ఎల్లవ్వ ముక్కు తుడుచుకుంది. "చెప్పి కడితె పనిచెయ్యదంటరు డాక్టరమ్మా."

"నాకొక్కదానికి చెప్పు. నేనెవ్వరికి చెప్ప."

ఆ తాయెత్తును పాప ఉన్న అద్దాలపెట్టె పిడికి ఆమే స్వయంగా కట్టారు. మరునాటికి రక్తంలో ఉప్పు దిగడం మొదలైంది. బోధన్‌లో డాక్టరమ్మను మోసుకుని జనాజా కదిలిన రోజు, వీధి మలుపున ఎల్లవ్వ నిలబడి ఉంది. ఆమె వేలు పట్టుకుని, బడి బట్టల్లో ఆ పిల్ల.

వార్డులోకి కొత్త యంత్రాలు వస్తాయి, కొత్త డాక్టర్లూ వస్తారు. నిజం చెప్పే కాంటాను సైతం ఒక్క మాటతో నమ్మక, ఆ నిజం దేని గురించో కనుక్కునేదాకా నిలవలేని ఆ మనిషిని ఎక్కడి నుంచి తేగలం? వార్డు కాంటా ఇప్పుడు నా బల్లమీద ఉంది. పరీక్ష అయిపోయింది, తేడా గ్రాము లోపే. సంచిలో పెట్టి పంపాలి. పెట్టలేక, నాలుగు మూలలా మళ్లొకసారి రాళ్లు పెట్టి చూస్తున్నాను.