కొల్లేటి నేలమీద వదిన సైకిలు

మొన్న మా మనవడికి కొత్త సైకిలు కొన్నారు. చక్రాలకి చుట్టిన కాగితమైనా విప్పకుండా తెచ్చి వసారా గోడకి చేరవేశారో లేదో, కొత్త రబ్బరు వాసన, గొలుసుకి పూసిన గ్రీజు వాసన కలిసి నేను పడుకున్న గదిలోకి వచ్చేశాయి. ఇంట్లోవాళ్ళంతా ముచ్చటపడుతుంటే నాకు మాత్రం కడుపులో రగిలింది. డెబ్బై దాటిన ముసలిదానికి పసివాడి సైకిలు మీద ఏడుపేమిటని నవ్వితే నవ్వండి. నా ఏడుపు వాడి సైకిలు మీద కాదు. అరవై ఏళ్ళ కిందట మా ఊళ్ళోకి వచ్చిన ఇంకో సైకిలు మీద, దాన్నెక్కి వచ్చిన మా ఎస్తేరు వదిన మీద.

మాది పెదపాడు దాటి ఇంకా దిగువకి, కొల్లేటి ఒడ్డున ఓ చిన్న ఊరు. నాన్నగారు మిషను బడిలో పంతులు. పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట, నాకప్పుడు పదేళ్ళు. వేసవి వచ్చిందంటే కొల్లేరు రోజుకి కొంచెం చొప్పున వెనక్కి జరిగిపోయేది. నిన్న మోకాలి లోతు నీళ్ళున్నచోట ఇవాళ బురద, వారం తిరిగేసరికి బురద మీద పెచ్చు, ఆ పై వారానికి ఎంత పరుగెత్తినా అడ్డు తగలని మైదానం. పొద్దున్నే చద్దన్నంలో కొత్తావకాయ కలుపుకు తినేసి పిల్లలమంతా అందులో పడేవాళ్ళం. గుంటల్లో మిగిలిన నీళ్ళలో తడుముతూ కొర్రమీనులు పట్టేవాళ్ళం, ఎండిన తామరకాయలు దులిపి గింజలు నమిలేవాళ్ళం, కొంగలు రాల్చిన ఈకలు జడల్లో గుచ్చుకునేవాళ్ళం, తాటితోపులో ముంజలు తినేసి ఆ కాయల్నే చక్రాలుగా పుల్లకి గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ బండ్ల పందేలు వేసుకునేవాళ్ళం. ఆ పందేల్లో నన్ను మించినవాళ్ళు లేరు. ఈ మాట ఇప్పుడు చెబుతున్నా నాకు కొంచెం గర్వంగానే ఉంది.

ఎండ ముదిరాక ఇంటికి చేరితే పెరట్లోని చుట్టింట్లో మామ్మ దగ్గర చాప నేత. మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. తుంగ కోయించి, చీల్చి, ఎండబెట్టి, కొంత తుంగకి ఎర్రరంగు ఎక్కించి, జనపనార పడుగులో పోగు వెంట పోగు దూర్చి చెక్కతో దట్టించేది. ఆ తడి తుంగ కమ్మటి వాసనలోనే నేను పెరిగాను. ఏటా పెంతెకొస్తు పండగ ఆదివారానికి మా తాటాకు గుళ్ళో ప్రభు భోజనపు బల్ల ముందు కొత్త చాప పరవడం ఆచారం, అది మా ఇంటినుంచి వెళ్ళడం రివాజు. ఆ ఏడు ఆ చాప నన్నే నెయ్యమంది మామ్మ. దానికోసం ముంజల తోపుకి వెళ్ళడం కూడా తగ్గించుకున్నాను. గుళ్ళో ఊరంతా చూస్తుండగా ఎర్రంచు చాప పరుచుకుని ఉండడం, "ఎవరు నేశారండీ?" అని ఎవరో అడగడం, మామ్మ నావైపు వేలు చూపించడం, ఇదంతా రోజూ పడుకునేముందు తలుచుకునేదాన్ని.

ఆ సంబరంలో ఉండగా దిగింది వదిన. మా మేనత్త కూతురు, నాకంటే ఏడాది పెద్ద. వాళ్ళది తాడేపల్లిగూడెం, మామయ్యగారు అక్కడ రైసు మిల్లులో ఇంజను డ్రైవరు. స్వదేశం వెళ్ళిపోతూ ఓ దొరసానిగారు తన పాత సైకిలు ఆయనకిచ్చేసిందట, ఆయన దాన్ని ఊడదీసి, తోమి, కొత్త టైర్లు వేసి కూతురికిచ్చారట. ఏలూరు దాకా రైల్లో వేసుకొచ్చి, అక్కణ్ణించి కాలవ గట్టు వెంట ఆయనే తొక్కుకొచ్చి, ఊరి మొగలో కూతురి చేతికిచ్చారు. లంగా మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, గంట మోగించుకుంటూ ఓ ఆడపిల్ల సైకిలు మీద వీధిలోకి వచ్చేసరికి కుక్కలు కూడా మొరగడం మర్చిపోయాయి.

"అమ్మ బాబోయ్, పడతావే! దిగవే తల్లీ!" అని మామ్మ గుండెలు బాదుకుంది.

"దింపండి చూద్దాం అత్తయ్యగారూ. అన్నానికీ నిద్రకీ తప్ప దిగదండి," అని వెనకాల చెమటలు తుడుచుకుంటూ మామయ్యగారు నవ్వారు.

ఆ పూటతో నా ముంజకాయల బండి సంగతి అడిగిన నాథుడు లేడు. పిల్లలంతా వదిన వెనకే. పోనీ వదిన పొగరుబోతయితే నాకు సుఖంగా ఉండేది, తనివితీరా తిట్టుకునేదాన్ని. అదీ లేదు. అడిగినవాళ్ళందరికీ సైకిలిచ్చి, వెనకాల సీటు పట్టుకుని పరుగెత్తి నేర్పేది. నన్నూ పిలిచింది. "నాకక్కర్లేదు, మగరాయుడి వేషాలు," అన్నాను. అందని ద్రాక్ష పుల్లన అంటారు, నాకు అందిన ద్రాక్షే పుల్లగా ఉంది.

సైకిలుతో ఆగినా బతికిపోయేదాన్ని. మధ్యాహ్నాలు ఊసుపోక వదిన కూడా చుట్టింట్లో చేరింది. తుంగ చీల్చడం ఒక రోజు చూసింది, మర్నాడు మగ్గం దగ్గర కూర్చుంది, నాలుగో రోజుకి ఆమె నేత నా నేతకంటే బిగువుగా ఉంది. నాకు రెండేళ్ళు పట్టిన విద్య అది! పదిహేను రోజులు తిరిగేసరికి రెండు చాపలూ పూర్తయ్యాయి. మామ్మ రెండింటినీ వాకిట్లో పరిపించి, చత్వారపు కళ్ళతో వంగి, వేళ్ళతో అంచులు తడిమింది.

"ఎస్తేరుది అంచు చూడవే, గీత గీసినట్టుంది. ఈసారి గుళ్ళోకి దీని చాప వేద్దామే కరుణా. నీది వచ్చే ఏడు వేద్దాంలే."

పేరుకే కరుణని. ఆ క్షణంలో వదిన చచ్చిపోతే బాగుండుననుకున్నాను. పదేళ్ళ పిల్లకి అంత విషమా అంటే, అంతే, ఉంది. వదినేమో, "వద్దు అమ్మమ్మా, కరుణదే వెయ్యి," అంది. నా చాప నాకు ఆమె దానం చేస్తోందన్నమాట! దాంతో ఇంకా మండింది.

మర్నాడు పొద్దున వదిన సైకిలు తీసుకుని కొల్లేట్లోకి దిగింది, వెనకాల నేనొక్కదాన్నే వెళ్ళాను. కొల్లేటి నేల సంగతి మా ఊరి పిల్లలకి నడక వచ్చిననాటినుంచీ తెలుసు. తెల్లగా ఎండి నెర్రెలిచ్చిన నేల గట్టిది, బండి తోలినా దిగదు. నల్లగా, నున్నగా, ఒక్క నెర్రె కూడా లేకుండా అలికినట్టు ఉన్నచోట పైన బెత్తెడు పెచ్చు, కింద మనిషి లోతు రొంపి. గేదెలు కూడా అటు పోవు. తెలియనివాళ్ళ కంటికి మాత్రం సైకిలుకి దానికంటే మంచి బాట లేదనిపిస్తుంది.

వదిన సైకిలాపి, ఒక కాలు నేలమీద ఆన్చి నావైపు తిరిగింది.

"కరుణా, ఈ నెర్రెల్లో ఒళ్ళు హూనమైపోతోందే. అటు నున్నగా ఉందిగా, వెళ్ళనా?"

"వెళ్ళు వదినా. అక్కడైతే జోరుగా పోతుంది," అన్నాను.

నల్ల నేలమీద బారెడు వెళ్ళిందేమో, ముందు చక్రం పెచ్చు పగిలి దిగిపోయింది, వదిన బోర్లా పడింది. నేను నవ్వాను. దాచడమెందుకు, గట్టిగానే నవ్వాను. ఆమె లేవబోయింది, మోకాళ్ళ దాకా దిగింది. కాలు లాగబోయింది, నడుం దాకా దిగింది. అప్పటికి నా నవ్వు ఆగిపోయింది. "కరుణా, సైకిలు! ముందు సైకిలు పట్టుకోవే, నాన్న కష్టపడి చేశాడే!" అని ఏడుస్తోంది గాని, తనని పట్టుకోమని అనడం లేదు.

మా పెరడు అక్కడికి కేకవేటు దూరం. "కదలకు వదినా!" అని అరిచి పరుగెత్తాను. చుట్టింట్లో రెండు చాపలూ చుట్టి పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. ముందు చెయ్యి నా చాప మీద పడింది. దాన్ని వదిలేసి వదినది అందుకున్నాను. అంత పరుగులో, అంత భయంలో కూడా ఏది ఎవరిదో నాకు తెలుసు.

చాప రొంపి మీద పరిచి, దానిమీద బోర్లా పడుకుని పాకి చెయ్యందించాను. ఆ బిగువు నేత ఇద్దరు పిల్లల బరువునీ ఆపింది. నాదైతే ఆపేదో లేదో చెప్పలేను. నా కేకలకి పెద్దవాళ్ళు తాళ్ళతో, తాటిదోనెతో వచ్చి సైకిలు పైకి లాగారు. నాన్నగారు నా జబ్బ పట్టుకుని, "అటెళ్ళకూడదని తెలీదూ? ఎందుకు వెళ్ళనిచ్చావ్?" అని గద్దించారు.

మెడ దాకా బురదతో వదినే జవాబు చెప్పింది. "దాన్నేం అనకండి మామయ్యా. అది వద్దనే చెప్పింది. నేనే విన్లేదు."

అందరూ నన్ను ముద్దుపెట్టుకున్నారు. వదినని నాలుగు చీవాట్లు పెట్టారు. పెంతెకొస్తు ఆదివారం గుళ్ళో నా చాపే పరిచారు, వేరే చాప లేదు మరి. "ఎవరు నేశారండీ?" అని పాస్టరమ్మగారు అడిగితే మామ్మ నావైపు వేలు చూపించింది. దానిమీద మోకరిస్తే నాకు ఒక్క ముక్క ప్రార్థన రాలేదు. పక్కనే వదిన కళ్ళు మూసుకుని హాయిగా పాడుతోంది. ఆ హాయి చూసి మళ్ళీ ఓర్వలేకపోయాను.

తరవాత వదిన పంతులమ్మ అయింది, హెడ్మిస్ట్రెస్ అయింది, తాడేపల్లిగూడెంలో సైకిలు మీద బడికి వెళ్ళే మొదటి ఆడమనిషి అనిపించుకుంది. నాకు సైకిలు రాలేదు. కలిసినప్పుడల్లా పదిమందిలో, "మా కరుణ వద్దన్నా వినకుండా వెళ్ళి దిగబడ్డాను, అదే లాగింది," అని చెప్పేది. ఎందుకలా చెబుతావని అడుగుదామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఆవిడ ముందు ఇంకాస్త చిన్నదాన్నవడం ఇష్టంలేక మింగేశాను.

ఇప్పుడు ఆ తెల్ల నేలా లేదు, నల్ల నేలా లేదు. గట్లు పోసి అంతా చేపల చెరువులు చేసేశారు, వేసవొచ్చినా నీళ్ళు వెనక్కి పోవు, చూపిద్దామన్నా ఆ చోటు ఫలానా అని వేలు పెట్టలేను. చుట్టింట్లో మగ్గం లేదు, మా ఊళ్ళో తుంగ చీల్చడం వచ్చిన చెయ్యి ఒక్కటీ లేదు. నిరుడు వదిన కూడా పోయింది. గూడెంలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు, గుడి లోపల చోటు చాలక జనం రోడ్డు మీద నిలబడ్డారు. నాకు ఇంతమంది వస్తారా అని లెక్క చూసుకున్నాను, నా బుద్ధి అంతే. ఆవిడ మనవరాలు మైకులో కొల్లేటి కథ చెప్పి, "ఆ చెయ్యందించిన మామ్మ ఈవిడేనండీ," అని నన్ను నిలబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కూర్చున్నాక, వదిన బళ్ళో పనిచేసిన పక్కావిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే ఇంక ఆపుకోలేకపోయాను. "అటు వెళ్ళమని చెప్పింది నేనేనండీ," అన్నాను, అరవై ఏళ్ళలో మొదటిసారి.

ఆవిడ నా చెయ్యి ఇంకొంచెం గట్టిగా నొక్కింది. "ఎస్తేరమ్మగారు ముందే చెప్పారండీ, మీరు అలాగే అంటారని. నమ్మొద్దన్నారు."