ఆలస్యంగా గెంతే కుందేలు

ఆ లిఫ్టు మెకానిక్ ఇంట్లో అత్తాకోడళ్ళు ఉప్పూ నిప్పూ. కిటికీ తెరవాలా మూయాలా అన్న దగ్గర మొదలైన మాట మధ్యాహ్నానికల్లా పుట్టిళ్ళ దాకా వెళ్ళేది. సాయంత్రమైతే మాత్రం ఇద్దరూ భుజాలు రాసుకుంటూ కూర్చుని కుందేలును గెంతించేవారు!

ఆ కుందేలు ఉండేది మెకానిక్ కుర్రతనంలో మోజుపడి కొన్న కంప్యూటర్లో. కీబోర్డులోనే యంత్రమంతా ఉంటుంది, పసుపుపచ్చ తీగ టీవీకి తగిలిస్తే ఆట మొదలు. కుందేలు గోతులు దాటాలి, అంతే. ఎప్పుడూ అత్తగారిదే పైచేయి. కోడలు చచ్చినా ఒప్పుకునేది కాదనుకోండి, అది వేరే సంగతి.

ఆ పాత టీవీ ఒకరోజు టప్పుమని కన్నుమూసింది. ఇక చూడండి, సాయంత్రాలు కూడా యుద్ధమే.

మానిటర్‌దేముంది, ఏదో ఒకటి తెస్తే సరి అనుకున్నాడు పాపం మెకానిక్. ఏ దుకాణంలో ఏది తిప్పి చూసినా ఆ పసుపుపచ్చ తీగకు చోటే లేదు. "ఏ కాలం నాటిదండీ ఇది?" అని నవ్వాడొకడు. మధ్యలో చిన్న డబ్బా ఒకటి పెడితే బొమ్మ వస్తుందన్నాడు. వచ్చింది, అద్దంలా వచ్చింది. అత్తగారు మీట నొక్కితే కుందేలు కాసేపు ఆలోచించుకుని అప్పుడు గెంతి, తిన్నగా గోతిలో పడింది.

"నా చేతులు పోయాయిరా," అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మర్నాడు కిటికీ బార్లా తెరిచి ఉన్నా నోరు మెదపలేదు. కొడుక్కి భయం వేసింది.

వంటింట్లో భార్య గొంతు తగ్గించి, "ఏవండీ, నేనూ అక్కడే పడుతున్నా," అంది. "నొక్కాక ఆలస్యంగా గెంతుతోంది. ఆ డబ్బాదే తప్పు, ఆవిడ చేతులకేం కాలేదు. ఇంకోటి చూడండి."

ఓటమి ఒప్పుకుందా! మెకానిక్ నోరెళ్ళబెట్టాడు.

తిరిగి తిరిగి, నిఘా కెమెరాలు బిగించే దుకాణంలో పట్టాడు. చదరపు మానిటర్, పసుపుపచ్చ తీగ నేరుగా దూరుతుంది. అక్కడే తగిలించి చూశాడు. వేలు పడీ పడగానే కుందేలు గాల్లో ఉంది. సంతోషం పట్టలేక అందరి ముందూ ఈల వేశాడు.

ఇంట్లో ముందు కోడలు ఆడింది. గోతులన్నీ దాటేసింది. తర్వాత అత్తగారు కూర్చుంది. రెండో గోతిలో పడింది. మళ్ళీ అక్కడే. మళ్ళీ అక్కడే. మెకానిక్ అమ్మ వేళ్ళ వంక చూశాడు. అవి మీట దాకా రావడానికే తడబడుతున్నాయి. ఇన్నాళ్ళూ తను గమనించనే లేదు.

"ఇది బాగానే ఉందట్రా?" అని అడిగింది అమ్మ.

అతను నోరు తెరిచేలోపే కోడలు అందుకుంది. "ఏం బాగు అత్తయ్యా! ఇదీ ఆలస్యమే. ఏదో అదృష్టం కొద్దీ నేను గట్టెక్కాను." మొగుడి వైపు తిరిగి కళ్ళెర్రజేసింది. "లిఫ్టులు బాగుచేస్తారు గానీ, ఓ మానిటర్ చూసి తేవడం చేతకాదా?"

మెకానిక్ తల గోక్కున్నాడు. "అవునమ్మా, ఇదీ ఆలస్యమే. ఇంకోటి చూస్తాలే."

"అలా చెప్పు!" అత్తగారి మొహం విప్పారింది. "అది దొరికేదాకా దీంతోనే కానిద్దాం. ఊఁ, కానివ్వు అమ్మాయ్, నీ వంతు."

కోడలు కుందేలును రెండో గోతి దాకా తీసుకెళ్ళి, మీట నొక్కకుండా ఊరుకుంది.